మెత్తటి గొర్రెపిల్ల బొమ్మ: కాగితం మీది గీత నుంచి చివరి ముడి దాకా

మెత్తటి బొమ్మలు కుట్టాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "మిషన్ ఉండాలా?" అని. ఉంటే మంచిదే, లేకపోయినా ఆగక్కర్లేదు. పాత చీరలు పేర్చి బొంతలు కుట్టే ఆడవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని చూసినా చాలు, సగం పని వచ్చినట్టే. బొమ్మ ఎంత బాగుంటుందన్నది రెండు చోట్ల తేలిపోతుంది. ఒకటి కాగితం మీద గీసే గీత, రెండోది చివర్లో దూది కూరే ఓపిక. మధ్యలో కుట్టు పని నిజానికి తక్కువే. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పిల్లలు బొమ్మను ఈడుస్తారు, కొరుకుతారు, చెవి పట్టుకుని గిరగిరా తిప్పుతారు. దానికి తట్టుకునేలా కుట్టాకే ముద్దుగా ఉందా లేదా అన్నది చూడాలి.

నేర్చుకోవడానికి నేను గొర్రెపిల్లనే ఎంచుకోమంటాను. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం. పాలమూరు పల్లెల్లోనైనా, నల్లగొండ, దేవరకొండ రోడ్ల మీదైనా మందలు ఎదురుపడుతూనే ఉంటాయి. కాబట్టి ఫొటోలు వెతుక్కోనవసరం లేదు. మంద ఆగిన చోట కాసేపు నిలబడి ముక్కు ఎలా వంగింది, చెవి ఎక్కడ మొదలైంది, తోక ఎంత చిన్నది అని చూసుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. గొర్రెకు బొచ్చు ఉంటుంది కాబట్టి, కొత్త చేతి కుట్టు కాస్త వంకర పోయినా ఆ బొచ్చు దాచేస్తుంది.

ఏ గొర్రె, ఏ గుడ్డ

గుడ్డ కొనేముందు ఏ జాతి గొర్రె కావాలో అనుకోండి. గొంగళ్లు నేసేది దక్కనీ గొర్రె ఉన్నితో. దాని ఒళ్లు నల్లగా, ముతక ఉన్నితో ఉంటుంది. అలాంటి బొమ్మకు ఉంగరాల బొచ్చున్న ఫర్ గుడ్డ బాగా నప్పుతుంది. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. అందులో తెల్లటిది పల్ల, ఎర్రటిది దొర, మూతి దగ్గరా కళ్ల చుట్టూ నల్ల మచ్చలున్నది జోడిపి. వీటికి వెల్వెట్టో, చలికాలం కప్పుకునే మెత్తటి ఫ్లీస్ దుప్పటి ముక్కో సరిపోతుంది.

మొదటి బొమ్మకు నలుపు మాత్రం వద్దు. నల్ల గుడ్డ మీద నల్ల దారం కంటికి ఆనదు. కుట్టు తప్పితే విప్పేటప్పుడు దారం ఏదో బొచ్చు ఏదో తెలియదు. గోధుమ రంగో, మీగడ తెలుపో తీసుకోండి.

ఫర్ గుడ్డ మన ఊళ్లలో ప్రతి బట్టల దుకాణంలో దొరకదు. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ దుప్పట్లు, పరుపులు, కారు సీటు కవర్లు అమ్మేవాళ్లను అడిగి చూడండి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో రకాలు ఎక్కువ. లేదంటే ఇంట్లో ఒక మూల చిరిగిన ఫ్లీస్ దుప్పటి వాడేయండి. ఉతికి ఉతికి మెత్తబడిన ఆ గుడ్డ కొత్తదానికంటే కుట్టడానికి అనువుగా ఉంటుంది. ఈ కొలతకు పావు మీటరు చాలు గానీ అర మీటరు తీసుకుంటే తప్పు పోయినా కంగారు ఉండదు.

చెవుల లోపలి భాగానికి నూలు గుడ్డ కావాలి. ఇక్కడ మనకున్నంత సౌకర్యం ఎక్కువమందికి లేదు. నారాయణపేట గళ్ల చీర ముక్క, గద్వాల చీర నూలు భాగం, కొయ్యలగూడెం ఇక్కత్ దుప్పటి అంచు, ఏదైనా బాగుంటుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఇక్కత్‌లో ఒక సుళువు ఉంది. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు కాబట్టి డిజైన్ గుడ్డకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఏది మంచి వైపు, ఏది లోపలి వైపు అన్న గందరగోళం ఉండదు. ఇందుకోసం కొత్త చీర కోయకండి. టైలర్ల దగ్గర మిగిలే బ్లౌజు ముక్కలు అడిగితే సంతోషంగా ఇస్తారు.

నూలు గుడ్డను కత్తిరించే ముందే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. మొదటి ఉతుకులోనే గుడ్డ కుదించుకుపోతుంది. అది బొమ్మగా కుట్టాక జరిగితే చెవి మెలి తిరిగిపోతుంది. తర్వాత తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే మళ్లీ ఉతకండి. రెండు మూడు ఉతుకుల తర్వాత కూడా అంటుతూనే ఉంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు, నేను దాన్ని నమ్ముకోను. పిల్లల నోట్లోకి వెళ్లే వస్తువు ఇది.

లోపల కూరేది

పరుపుల దుకాణంలో దొరికే పాలిస్టర్ ఫైబర్ తీసుకోండి. చాలాచోట్ల దాన్ని రెక్రాన్ అంటారు. అర కిలో కొంటే ఈ కొలతలో రెండు బొమ్మలకు వస్తుంది. ఉతికినా ఉండ కట్టదు, తొందరగా ఆరుతుంది.

పత్తి పండే జిల్లాల్లో ఉన్నాం కదా, ఇంట్లో దూది వాడితే ఏమవుతుందని అడుగుతారు. చేతికి మంచిగానే ఉంటుంది గానీ ఒకసారి తడిస్తే పత్తి ముద్దలు కడుతుంది, లోపల చెమ్మ అలాగే ఉండి వాసన వస్తుంది. గింజ తీయని పత్తి అయితే పురుగు కూడా పడుతుంది. బూరుగు దూది తేలిక, మెత్తన. కానీ దాని పోగులు చాలా నున్నగా, సన్నగా ఉండి కుట్టు సందుల్లోంచి బయటికి వస్తాయి. ఉతకని అలంకరణ బొమ్మకు, అది కూడా లోపల దగ్గరి నేత గుడ్డతో సంచి కుట్టి వాడుకోవచ్చు. చిన్నపిల్లలకు ఇచ్చేదానికి వద్దు. ఇక ముందు దూది అన్నచోటల్లా పాలిస్టర్ ఫైబరే అనుకోండి.

కాగితం మీద గొర్రె

ఇక్కడ తొందరపడొద్దు. పాత క్యాలెండర్ వెనకవైపు మందంగా, తెల్లగా ఉంటుంది, అది తీసుకోండి. 17 సెం.మీ. పొడవు, 11 సెం.మీ. ఎత్తుతో అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డు ఆకారం గీయండి. అది ఒళ్లు. ముందువైపు పైన, కొంచెం కిందికి వాలినట్టు 9 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పున్న ఇంకో చిన్న గుడ్డు గీయండి. అది తల. రెండూ ఒకదానిమీదికి ఒకటి రావాలి. మెడ దగ్గర కోణం లేకుండా వంపుగా కలపండి. మెడ సన్నగా గీస్తే బొమ్మ తల వేలాడుతుంది. అందుకే చూడటానికి లావుగా అనిపించేంత మెడ ఉంచండి.

కాళ్లు 4 సెం.మీ. వెడల్పు, పొట్ట కింది నుంచి 6 సెం.మీ. పొడవు. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య 5 సెం.మీ. ఖాళీ. ఈ ఖాళీ పైభాగం చతురస్రంలా కోసినట్టు ఉండకూడదు, కమానులా వంగాలి. మూలలు ఉంటే తిరగేసినప్పుడు అక్కడే ముడతలు పడతాయి. కాలు 4 సెంటీమీటర్ల కంటే సన్నగా మాత్రం చేయకండి, ఫర్ గుడ్డ తిరగేయడం గగనమవుతుంది.

ఇప్పుడు నాలుగు గుర్తులు పెట్టండి. ముక్కు కొన దగ్గర "అ", మెడ వెనక "ఆ", ముందు కాలికి పైన ఛాతీ మీద "ఇ", వెనక కాలికి పైన, తోకకు కాస్త కింద "ఈ". ఇది పక్క ముక్క.

ఇలాంటివి రెండు మాత్రమే కలిపి కుడితే వచ్చేది బిస్కెట్‌లాంటి చదును బొమ్మ. నిలబడదు, ఒక పక్కకు పడిపోతుంది. అందుకే పొట్ట ముక్క కావాలి. పక్క ముక్క మీద పల్చటి కాగితం పెట్టి "ఇ" నుంచి కాళ్ల మీదుగా "ఈ" దాకా కింది భాగం అచ్చంగా దించండి. పైన "ఇ" నుంచి "ఈ"కి గీత కలపండి. ఆ గీత నిటారుగా వద్దు, మధ్యలో 1 సెం.మీ. మేర కాళ్ల వైపుకు దిగాలి. చిన్నదే అయినా ఈ వంపు వల్లే నాలుగు కాళ్లు దగ్గరికి వచ్చి కిందికి నిలుస్తాయి. ఇది లేకపోతే జారే నేల మీద నిలబడ్డ గొర్రెలా కాళ్లు పక్కలకు పోతాయి.

మూడోది తల పట్టీ. ముఖానికి నిండుతనం ఇచ్చేది ఇదే. పక్క ముక్క మీద "అ" నుంచి నుదుటి మీదుగా "ఆ" దాకా గీత వెంబడి దారం పెట్టి కొలవండి. ఆ పొడవు ఎంతుంటే పట్టీ అంత. వెడల్పు ముక్కు దగ్గర 1.5 సెం.మీ., నుదుటి దగ్గర 5 సెం.మీ., మెడ వెనకకు వచ్చేసరికి కొనగా ముగియాలి. పట్టీని మధ్యకు మడిచి కత్తిరిస్తే రెండు పక్కలా సమానంగా వస్తుంది.

చెవికి 7 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పున్న ఆకు. తోకకు 5 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వెడల్పు. ఇవన్నీ కుట్టు పడే గీతలు. వీటి చుట్టూ 7 మి.మీ. మార్జిన్ వదిలి ఇంకో గీత గీసి, బయటి గీత మీద కత్తిరించండి.

కత్తిరింపు

ఫర్ గుడ్డను చేత్తో నిమిరి చూడండి. ఒక వైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుగ్గా ఉంటుంది. అది బొచ్చు వాటం. ప్రతి కాగితం మీద వీపు నుంచి కాళ్ల వైపుకు బాణం గీసి, ఆ బాణాన్ని వాటంతో కలపండి. ఒక పక్క కిందికీ ఇంకో పక్క పైకీ బొచ్చు ఉంటే వెలుతురులో రెండు రంగుల బొమ్మలా కనిపిస్తుంది.

గుడ్డ వెనకవైపు తిప్పి, సుద్దముక్కతో గానీ బాల్‌పెన్‌తో గానీ గీయండి. పక్క ముక్క ఒకసారి గీశాక కాగితాన్ని బోర్లించి రెండోది గీయాలి. పొట్ట ముక్కలూ అంతే. అలా చేయకపోతే రెండూ ఎడమ పక్కలే వస్తాయి, గుడ్డ వృథా. ఫర్ గుడ్డను ఎప్పుడూ రెండు పొరలు పెట్టి కోయొద్దు. ఒక్కో పొర, అదీ కత్తెర కొనతో వెనకనున్న నేతను మాత్రమే కోస్తూ పోవాలి. కత్తెర మొత్తం దించితే బొచ్చు కూడా తెగి, కుట్టు వెంట గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఈ పని మొదలుపెట్టేముందు ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలమైతే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వరండాలో పాత దుప్పటి పరిచి కోయడం మేలు. నూగు చెమటకు అంటుకుని దురద పెడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, దగ్గు ఆయాసం ఉన్న పిల్లల్ని దూరంగా ఉంచండి. కోసిన ముక్కలను ఒక్కొక్కటిగా బయట దులిపి, అంచులను తడిగుడ్డతో తుడిస్తే నూగు చాలావరకు పోతుంది.

కుట్టు

చేత్తో కుట్టేవాళ్లు పాలిస్టర్ దారం రెండు పోగులు చేసి బ్యాక్ స్టిచ్ వేయండి. అంటే ఒక అడుగు ముందుకు వెళ్లిన సూది మళ్లీ సగం వెనక్కి వచ్చి గుచ్చుకోవాలి. ఒక్కో కుట్టు 3 మి.మీ. దాటొద్దు. బొంతకు వేసే మామూలు పరుగు కుట్టు ఇక్కడ పనికిరాదు, దూది ఒత్తిడికి సందులు తెరుచుకుంటాయి. మిషన్ మీద అయితే ఫర్‌కు 16 నంబర్ సూది, నూలు గుడ్డకు 14. దారం మాత్రం నూలుది వద్దు, కొంతకాలానికి తెగుతుంది.

గుండుపిన్నులు పెట్టేముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక అన్నీ తిరిగి డబ్బాలోకి రావాలి. పూర్తయిన బొమ్మ మీద అయస్కాంతం ఒకసారి తిప్పడం కూడా అలవాటు చేసుకోండి. బొమ్మలో మిగిలిన ఒక్క పిన్ను ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక వరస. ముందుగా చెవులు. ఒక ఫర్ ముక్క, ఒక నూలు ముక్క మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, అడుగు అంచు కుట్టకుండా వదిలి, మిగతా చుట్టూ కుట్టి తిరగేయండి. తోక కూడా అంతే. చెవిలో దూది వద్దు, తోకలో చిటికెడు చాలు.

తర్వాత పొట్ట ముక్కలు రెండింటినీ మధ్య గీత వెంట కలపండి. అక్కడే మధ్యలో 7 సెం.మీ. తెరిచి ఉంచండి, బొమ్మను తిరగేసేది, దూది కూరేది దాంట్లోంచే. ఆ తెరిచిన చోటుకు రెండు చివర్లా మూడు నాలుగు కుట్లు ముందుకూ వెనక్కూ వేసి గట్టి చేయండి. లేకపోతే తిరగేసేటప్పుడు చీలుతుంది.

ఇప్పుడు తల పట్టీ. దాన్ని ముక్కు దగ్గర ఒక పక్క ముక్క "అ"కు పిన్ను చేసి, "ఆ" దాకా కుట్టండి. మళ్లీ ముక్కు దగ్గర మొదలుపెట్టి రెండో పక్క. రెండు సార్లూ ముక్కు నుంచే మొదలుపెట్టాలి, అప్పుడే ముఖం ఒక పక్కకు గుంజదు. నుదుటి వంపు దగ్గర పట్టీ సాగుతుంది, అక్కడ ముందు కచ్చా కుట్టు వేసుకుని, పక్కా కుట్టు పడ్డాక విప్పేయండి. ఇంత ఓపిక ఈ ఒక్క చోట తప్పనిసరి.

"ఆ" నుంచి వీపు మీదుగా తోక దాకా రెండు పక్కలు కలపండి. తోకను లోపలి వైపుకు పెట్టి, దాని అడుగు అంచు కుట్టులో పడేలా చూసి, అక్కడ రెండుసార్లు కుట్టు వేయండి. అక్కడి నుంచి "ఈ" దాకా వచ్చి ఆపండి. ముందువైపు "అ" నుంచి గదవ కిందుగా "ఇ" దాకా కలపండి. చివరిగా పొట్టను ఒక్కో పక్కకు "ఇ" నుంచి "ఈ" దాకా, కాళ్ల చుట్టూ తిరుగుతూ కుట్టండి. కాలి అడుగు దగ్గరా, కాళ్ల మధ్య కమాను దగ్గరా కుట్లు చిన్నవి చేయండి. మొత్తం అయ్యాక కమాను దగ్గర, మెడ వంపులో మార్జిన్‌కు కత్తెర కొనతో గాట్లు పెట్టండి. కుట్టుకు 2 మి.మీ. దూరంలో ఆగాలి.

తిరగేసేముందు ప్రతి కుట్టునూ రెండు చేతులతో ఎడంగా లాగి చూడండి. సందు కనిపించిన చోట మళ్లీ కుట్టండి. తిరగేయడానికి అట్లకాడ వెనక భాగమో, మొద్దు కొన ఉన్న పెన్సిలో చాలు. కుట్టులో ఇరుక్కున్న బొచ్చును మంచి వైపు నుంచి సూది కొనతో గీరి పైకి లాగితే అతుకు మాయమవుతుంది. నాకు ఈ పని మొత్తంలో ఎక్కువ ఇష్టమైనది ఇదే. ముక్కలు ముక్కలుగా ఉన్నది ఒక్కసారిగా జంతువులా కనిపిస్తుంది.

దూది కూరడం

దూదిని దోసిళ్లతో ఎత్తి నింపేయకండి. చిటికెడు తీసి, వేళ్లతో విడదీసి, దూరంగా ఉన్న చోట మొదలుపెట్టండి. ముందు ముక్కు, తర్వాత నుదురు, తర్వాత కాళ్ల కొనలు. ముక్కు, మెడ, కాళ్లు గట్టిగా ఉండాలి. మెడలో ఎంత పెట్టినా ఇంకొంచెం పడుతుంది, తల నిలబడేదాకా పెడుతూనే ఉండండి. పొట్ట మాత్రం మెత్తగా వదలండి, పిల్ల చేయి అందులోకి దిగాలి. బయటి నుంచి నొక్కి చూస్తూ గుంట ఉన్న చోట నింపుకుంటూ రండి. గడ్డలా తగిలితే ఆ ముద్ద తీసేసి, విడదీసి మళ్లీ పెట్టాలి, పైనుంచి నొక్కితే సర్దుకోదు. బల్ల మీద నిలబెట్టి చూసి, ఏ కాలు పొట్టిగా ఉంటే దాంట్లో ఇంకాస్త కూరండి.

తెరిచిన చోటును మూయడానికి రెండు అంచులనూ లోపలికి మడిచి, ఒక అంచు మడతలో 4 మి.మీ. సూది నడిపి, ఎదురుగా ఉన్న అంచు మడతలో అంతే నడపండి. నాలుగైదు కుట్లకోసారి దారం గుంజితే రెండూ కలిసిపోయి కుట్టు లోపలికి పోతుంది. ముడి వేశాక సూదిని పొట్టలోకి గుచ్చి దూరంగా తీసి దారం తెంపండి, ముడి కొస లోపలే ఉండిపోతుంది.

ముఖం

మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బొమ్మకు బొత్తాలు, పూసలు, ప్లాస్టిక్ కళ్లు ఏవీ వద్దు. ఆ వయసు పిల్లల బొమ్మల పరీక్షలో 31.7 మి.మీ. వ్యాసమున్న చిన్న గొట్టం వాడతారు. ఊడిన ముక్క అందులో పూర్తిగా పట్టేస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే. చొక్కా బొత్తం అందులో అలవోకగా పడుతుంది. కాబట్టి కళ్లు నల్ల దారంతో కుట్టండి. మెడకు పొడుగు రిబ్బన్లు, గంటలు కూడా కట్టొద్దు. ఏడాది లోపు పసివాళ్ల పక్కలో నిద్రపోయేటప్పుడు ఏ మెత్తటి బొమ్మా ఉంచకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు, అది పాటించండి.

గొర్రె కళ్లు తలకు పక్కలకు ఉంటాయి. అందుకే తల పట్టీ కుట్టు మీదే, ముక్కుకూ నుదుటికీ మధ్యన రెండు పిన్నులు గుచ్చి దూరం నుంచి చూడండి. పైకీ కిందికీ జరుపుతూ ఉంటే ముఖం మారిపోతూ ఉంటుంది. కిందికి, ఎడంగా ఉంటే పిల్లలా, పైకి దగ్గరగా ఉంటే ముసలి పొట్టేలులా కనిపిస్తుంది. చోటు కుదిరాక అక్కడ బొచ్చు కొంచెం కత్తిరించి, చెవి వచ్చే చోటు నుంచి సన్నటి దబ్బనం గుచ్చి కన్ను దగ్గర తీయండి. 8 మి.మీ. గుండ్రం నిండేలా పక్కపక్కనే కుట్లు వేయండి. తర్వాత ఒక కన్ను నుంచి ఇంకో కన్నుకు దారం దాటించి కొద్దిగా గుంజితే కంటి గుంటలు ఏర్పడి చూపు వస్తుంది. ముడి చెవి కిందే వేస్తే దాన్ని చెవి కప్పేస్తుంది. ముక్కుకు గులాబీ గానీ నల్లగానీ దారంతో వై ఆకారం చాలు.

చెవులు ఆఖర్న. అడుగు అంచును లోపలికి మడిచి, మధ్యకు చిన్న మడత పెట్టి, కిందికి వాలేలా పెట్టి చుట్టూ రెండు వరసలు కుట్టండి. పిల్లలు పట్టుకుని ఎత్తేది చెవితోనే.

ఉతకడం, అమ్మడం

గోరువెచ్చటి నీళ్లలో తేలికపాటి సబ్బు కలిపి, పిండకుండా నొక్కుతూ ఉతకండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో సబ్బు బొచ్చులో తెల్లగా పేరుకుంటుంది, అలాంటప్పుడు రెండుసార్లు ఎక్కువగా జాడించాలి. పాత తువాలులో చుట్టి నీళ్లు ఒత్తేసి, గాలి ఆడే నీడలో ఆరేయండి. ఆరాక దువ్వెనతో బొచ్చు దువ్వితే చాలు.

నాలుగు బొమ్మలు కుట్టాక ఎవరో ఒకరు డబ్బులిచ్చి అడుగుతారు. మన సరదా కోసం, ఇంటి పిల్లల కోసం కుట్టుకునేదానికి ఏ అడ్డూ లేదు. అమ్మకం మొదలుపెడితే మాత్రం నియమాలు తెలుసుకోవాలి. బొమ్మల నాణ్యతపై కేంద్ర ప్రభుత్వం 2020లో ఇచ్చిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డెవలప్‌మెంట్ కమిషనర్, హస్తకళల కార్యాలయంలో నమోదైన చేతివృత్తి కళాకారులు తయారు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అమ్మే ఆలోచన ఉంటే ముందు ఆ నమోదు సంగతి చూసుకోండి. ప్రతి బొమ్మకూ వాడిన గుడ్డ ఏమిటో, లోపల ఏముందో, ఏ వయసు పిల్లలకు సరిపోతుందో, ఎలా ఉతకాలో తెలుగులో రాసిన చిన్న గుడ్డ పట్టీ తోక పక్క కుట్టులో కలిపి కుట్టండి.